పాఠకుల ప్రశ్నలు: సూపర్ హీరోల ఆటకు ఏ నియమావళి?

ప్రశ్న: మేము నెల్లూరులో ఆరుగురం మిత్రులం. రెండేళ్లుగా ప్రతి ఆదివారం భోజనాలయ్యాక మా మేడ మీది గదిలో చేరి, కత్తులూ మంత్రాలూ ఉండే రోల్ ప్లేయింగ్ ఆట (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడుతున్నాం. ఇప్పుడు మన జిల్లాలోనే తిరిగే సూపర్ హీరోలను సొంతంగా కల్పించుకుని ఆడాలని ఉంది. ఇద్దరు ‘ఛాంపియన్స్’ కావాలంటున్నారు, ఒకరు ‘మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్’ అంటున్నారు, మిగతా ఇద్దరూ లెక్కలు లేని ‘మాస్క్స్’ చాలంటున్నారు. కథ నడిపే గేమ్ మాస్టర్‌గా నిర్ణయం నా మీద పడింది. ఈ మూడింటినీ పోల్చి చెప్పగలరా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నియమావళులను పోల్చేటప్పుడు చాలామంది ముందుగా ‘ఏది తేలిక?’ అని అడుగుతారు. నేను దాన్ని రెండో ప్రశ్నగా పెట్టుకుంటాను. మొదట చూడవలసింది ఆ ఆట దేన్ని లెక్కపెడుతుందన్న సంగతి. బరువులను, దూరాలను, సెకన్లను లెక్కపెట్టే ఆటలో ఆటగాళ్ల మాటలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. ఎదుటివాళ్లు నిన్ను ఏమనుకుంటున్నారన్నదాన్ని లెక్కపెట్టే ఆటలో అదే మనుషులు అదే బల్ల చుట్టూ కూర్చుని పూర్తిగా వేరే కథ చెబుతారు. మీరు ఇప్పటిదాకా ఆడిన ఆటలో ఈ తేడా అంతగా తెలిసి ఉండదు, ఎందుకంటే అక్కడ పాత్రల బలాలు, ఆట మొదట్లోనైనా, ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. సూపర్ హీరోల్లో ఒకడు బియ్యం బస్తా మోస్తుంటే పక్కవాడు రైలింజను మోస్తాడు. ఈ ఎడాన్ని ఏ లెక్కతో పట్టాలన్నదే ఈ రకం ఆటలు రాసినవాళ్లందరూ నలభై ఏళ్లకు పైగా పట్టుకుని కూర్చున్న సమస్య.

అందుకని ఒకే సన్నివేశాన్ని మూడు ఆటల్లోనూ నడిపి చూద్దాం. చీమకుర్తి నుంచి నల్ల గ్రానైటు దిమ్మెతో దక్షిణానికి పోతున్న లారీ ఒకటి, నెల్లూరు దగ్గర పెన్న వంతెన మీద బ్రేకులు పట్టక పిట్టగోడను గుద్దుకుని, ముందు చక్రాలు గాలిలో వేలాడుతూ ఆగింది. డ్రైవరు లోపలే ఉన్నాడు. కింద ఇసుకలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. గ్రానైటు ఘనపు మీటరుకు దాదాపు మూడు టన్నులు తూగుతుంది కాబట్టి ఐదు ఘనపు మీటర్ల దిమ్మె పదిహేను టన్నులు, లారీతో కలిపి పాతిక టన్నులు అనుకుందాం. మీ బృందంలో ఒంగోలు గిత్త బలమున్న హీరో ఒకడు, గాలిలా పరుగెత్తే అమ్మాయి ఒకతె ఉన్నారనుకుందాం.

జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్ 1981లో తెచ్చిన ఛాంపియన్స్‌లో ఈ దృశ్యం గడియారంతో మొదలవుతుంది. అందులో ఒక టర్న్ అంటే పన్నెండు సెకన్లు, దాన్ని పన్నెండు భాగాలు చేస్తారు. స్పీడ్ 4 ఉన్న గిత్తకు 3, 6, 9, 12 భాగాల్లో వంతు వస్తుంది. స్పీడ్ 6 ఉన్న గాలి అమ్మాయికి 2, 4, 6, 8, 10, 12లో వస్తుంది. కాబట్టి గిత్త కదలక ముందే, రెండో సెకనులోనే, ఆమె లారీ తలుపు దగ్గరికి చేరవచ్చు. బలం 10 ఉన్నవాడు వంద కిలోలు ఎత్తగలడు, ఆపైన ప్రతి ఐదుకూ బరువు రెట్టింపవుతుంది. ఆ లెక్కన పాతిక టన్నులు పట్టడానికి బలం 50 కావాలి. పట్టి నిలిపినంతసేపూ ప్రతి వంతుకూ ఐదు చొప్పున అతని ఎండ్యూరెన్స్ (దమ్ము) తరుగుతుంది, అంటే పన్నెండు సెకన్లకు ఇరవై. టర్న్ చివర కొంత తిరిగి పుంజుకున్నా, ఆ అంకె తరుగుతుంటే బల్ల దగ్గర అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇది లెక్కల ఆటే గాని, ఆ లెక్క నుంచే ఉత్కంఠ పుడుతుంది. దీన్ని చాదస్తమని తోసిపుచ్చేవారితో నేను ఏకీభవించను.

ఛాంపియన్స్ అసలు గొప్పతనం పాత్రను తయారు చేసుకునే పద్ధతిలో ఉంది. 2009లో వచ్చిన ఆరో కూర్పులో మామూలు సూపర్ హీరోకు 400 పాయింట్లు ఇస్తారు. శక్తి ఏమిటో ముందు తేల్చుకుని, అది చూడడానికి మెరుపులా ఉంటుందో నీటిధారలా ఉంటుందో తరవాత మీరే చెప్పుకుంటారు. పన్నెండు పాచికల దెబ్బ కొట్టే శక్తికి 60 పాయింట్లు. అది కాళ్లు నీళ్లలో ఉన్నప్పుడే పనిచేస్తుందని మీరు పరిమితి పెట్టుకుని, ఆ పరిమితి విలువను ఒకటిగా కడితే, ధర రెండుతో భాగించబడి 30కి దిగుతుంది. మైపాడు తీరంలో అజేయుడై, ఉదయగిరి కొండ మీద నిస్సహాయుడయ్యే హీరో ఆ ఒక్క భాగహారంలో పుట్టుకొస్తాడు. మీలో ఇద్దరు ఈ ఆటను కోరుకోవడానికి కారణం బహుశా ఇదే.

ఇబ్బంది పోరాటం దగ్గర వస్తుంది. దెబ్బ తగిలిందో లేదో మూడు పాచికలతో తేలుతుంది. పదకొండుకు మీ పోరు నేర్పు కలిపి, ఎదుటివాడి నేర్పు తీసేస్తే వచ్చే అంకెకు మించకుండా వేయాలి, ఇద్దరూ సమానమైతే తగిలే అవకాశం 62.5 శాతం. తగిలాక పన్నెండు పాచికలు వేసి రెండుసార్లు లెక్కించాలి. మొత్తం కూడితే స్పృహ తప్పించే దెబ్బ, 1 పడితే సున్నా, 2 నుంచి 5 దాకా ఒకటి, 6 పడితే రెండు చొప్పున కూడితే ఒంటికి తగిలే గాయం. అలవాటైన చేతికి ఇది అరనిమిషం పని. అలవాటు లేని నలుగురి మధ్య మధ్యాహ్నం మొదలైన ఒక్క పోరాటం దీపాలు పెట్టే వేళదాకా సాగడం నేను కళ్లారా చూశాను.

స్టీవ్ కెన్సన్ రూపొందించగా గ్రీన్ రోనిన్ సంస్థ 2002లో మొదట ప్రచురించిన మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ ఇదే పాయింట్ల పద్ధతిని ఉంచుకుని గడియారాన్ని తీసేసింది. మూడో కూర్పులో పవర్ లెవెల్ (హీరో స్థాయిని చెప్పే అంకె) 10 ఉన్న హీరోకు 150 పాయింట్లు. బరువు, దూరం, కాలం అన్నీ ఒకే మెట్ల వరుసలో ఉంటాయి, మెట్టుకు విలువ రెట్టింపు. సున్నా మెట్టు బరువు 50 పౌండ్లు, అంటే దాదాపు 23 కిలోలు. పాతిక టన్నులు పదో మెట్టు దగ్గర పడతాయి. మీ గిత్త బలం తొమ్మిదే అనుకోండి. అతను శక్తికి మించి ప్రయత్నించి ఆ ఒక్క రౌండుకు ఒక మెట్టు పైకెక్కవచ్చు. మరుసటి వంతుకు అలసట కమ్ముతుంది, గేమ్ మాస్టర్ ఇచ్చే హీరో పాయింట్ ఒకటి ఖర్చుపెడితే ఆ అలసటా తొలగిపోతుంది. లెక్క ఇంతే. ఛాంపియన్స్‌లో అంకె మెల్లగా కరగడం వల్ల వచ్చే ఉద్వేగం ఇక్కడ ‘ఇప్పుడు పాయింట్ తీస్తావా, దాచుకుంటావా?’ అన్న ఒక్క నిర్ణయం నుంచి వస్తుంది.

దెబ్బల విషయంలోనూ ఈ ఆట దారి వేరు. హిట్ పాయింట్లు, అంటే దెబ్బ తగిలేకొద్దీ తరిగే ప్రాణం అంకె, లేవు. దెబ్బ తిన్నవాడు ఇరవై ముఖాల పాచిక వేసి తన దృఢత్వం కలుపుకుని, దెబ్బ మెట్టుకు 15 కలిపితే వచ్చే అంకెను అందుకోవాలి. అందుకోలేకపోతే, ఎంత తక్కువైతే అంత లోతుగా, మొదట చిన్న దెబ్బ, తరవాత దిమ్మ తిరగడం, తూలడం, చివరికి కుప్పకూలడం జరుగుతుంది. ప్రతి చిన్న దెబ్బా తరవాతి ప్రయత్నంలో ఒకటి తగ్గిస్తుంది. ఒక్క దురదృష్టపు పాచికతో పెద్ద విలన్ మొదటి నిమిషంలోనే కూలిపోయే ప్రమాదం ఇందులో ఉందన్నది నిజం. గేమ్ మాస్టర్‌గా మీరు దానికి సిద్ధంగా ఉండాలి.

ఈ రెండింటి మధ్య నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే తేడా హీరోల కష్టాలకు వెల కట్టే తీరులో ఉంది. గిత్తకు ఒక అమ్మమ్మ ఉంది, ఆమె ఎప్పుడూ ఆపదలో చిక్కుకుంటుంది అనుకోండి. ఛాంపియన్స్‌లో ఆ బలహీనతకు పాత్రను తయారు చేసే రోజే పాయింట్లు ముట్టుతాయి. అది బయానా వంటిది. ఆ తరవాత కథలోకి అమ్మమ్మ వస్తుందో రాదో పాచికలతో చూసుకోవాలి. మూడు పాచికల మొత్తం తరచు వచ్చే మనిషైతే పదకొండుకు, అరుదుగా వచ్చే మనిషైతే ఎనిమిదికి మించకూడదు. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్‌లో ముందుగా ఏమీ ఇవ్వరు. అమ్మమ్మ వల్ల నిజంగా చిక్కు వచ్చిన రోజున హీరో పాయింట్ ఇస్తారు. అది పని చేశాక ఇచ్చే కూలి. బయానా తీసుకున్నవాడు ఆ కష్టాన్ని తప్పించుకోవాలని చూస్తాడు, కూలి ఆశించేవాడు కష్టాన్ని తానే వెతుక్కుంటూ పోతాడు. కథ నడిపేవారికి రెండోదే చేతికి అందుతుందని నా అనుభవం.

బ్రెండన్ కాన్వే రాసిన మాస్క్స్‌ను మ్యాగ్‌పై గేమ్స్ 2016లో తెచ్చింది. ఇందులో పాతిక టన్నుల ప్రసక్తే ఉండదు. హీరోలందరూ ఇంకా పెద్దవాళ్లు కాని కుర్రవాళ్లు. గిత్త లారీని పట్టుకోగలడా అన్నది ప్రశ్నే కాదు, పట్టుకోగలడు. రెండు పాచికలు వేసి, ‘రక్షకుడు’ అన్న లేబుల్ (హీరో తనను తాను ఎలా చూసుకుంటాడో చెప్పే గుణం) అంకె కలుపుతాడు. పది లేదా అంతకు మించి పడితే పని సవ్యంగా జరుగుతుంది. ఏడు నుంచి తొమ్మిది మధ్య పడితే డ్రైవరు బతుకుతాడు గాని, గిత్త తానే ప్రమాదంలో పడతాడు, లేదా పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఆరు లేదా అంతకు తక్కువ పడితే గేమ్ మాస్టర్ చేతికి పగ్గాలు వస్తాయి. లేబుల్ సున్నా అయితే పది లేదా అంతకు మించి పడే అవకాశం 36లో ఆరు మాత్రమే, మధ్యలో పడే అవకాశం 36లో పదిహేను. ఈ ఆట కథలు ఎక్కువగా ఆ మధ్య భాగంలోనే పండుతాయి.

అసలు ఘట్టం లారీ ఆగిన తరవాత మొదలవుతుంది. వంతెన మీదికి వచ్చిన పోలీసు అధికారి ‘నీ వల్ల పిట్టగోడ మొత్తం కూలింది, నువ్వే అసలు ప్రమాదానివి’ అంటాడు. మాస్క్స్‌లో పెద్దవాళ్ల మాటకు కుర్ర హీరోల మీద పలుకుబడి ముందే ఉంటుంది. ఆ మాటకు గిత్త తలవంచితే అతని ‘ప్రమాదకారి’ లేబుల్ ఒకటి పెరిగి, ‘రక్షకుడు’ ఒకటి తగ్గుతుంది. మరుసటిసారి మనుషులను కాపాడడం అతనికి నిజంగానే కష్టమవుతుంది. ఒంటికి గాయాలు లేవు. భయం, కోపం, అపరాధ భావం, నిరాశ, అభద్రత అనే ఐదు మనోస్థితులే గాయాలు. ఒక పెద్దాయన అన్న మాట పాచికల దాకా చేరే ఇంత చక్కని ఏర్పాటు మరో ఆటలో నేను చూడలేదు. అయితే ఇది ఒకే వయసు కథకు కుట్టిన చొక్కా. ముప్పై దాటిన హీరోలు, దీర్ఘకాలం సాగే నగర రాజకీయాలు మీకు కావాలంటే ఇది బిగుతవుతుంది.

మీ బల్లకు నా సలహా మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో కూర్పు. ఇరవై ముఖాల పాచిక మీ ఆటగాళ్ల చేతికి ఇప్పటికే అలవాటైనదై ఉంటుంది. ఛాంపియన్స్ కోరిన ఇద్దరికీ పాయింట్లతో శిల్పం చెక్కినట్లు పాత్రను చెక్కుకునే సంతోషం ఇక్కడా దక్కుతుంది, విలన్లను తయారు చేసే పనిలో వాళ్ల సాయం తీసుకుంటే మీ భారమూ తగ్గుతుంది. మాస్క్స్ కోరిన ఇద్దరి మాట కొట్టేయకండి. ప్రతి హీరోకూ కనీసం రెండు చిక్కులు, అందులో ఒకటి తప్పనిసరిగా ఇంట్లోని మనిషికి సంబంధించినది, రాయించండి. హీరో పాయింట్లు ఇవ్వడంలో మాత్రం పిసినారితనం వద్దు. ఆ పాయింట్లు ఆగిపోతే ఈ ఆట వట్టి కొట్లాటగా మిగులుతుంది.

ప్రశ్న: మా బృందంలో ఒకతని హీరో వంద టన్నులు లేపుతాడు. నా పాత్ర విలువిద్య తెలిసిన మామూలు మనిషి. ప్రతి పోరాటంలోనూ నేను ప్రేక్షకుడిగా మిగులుతున్నాను. ఇద్దరికీ సమాన న్యాయం చేసే నియమావళి ఉందా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఊరి బండలాగుడు పందేలు మీకు తెలియనివి కావు. రెండు పళ్ల గిత్తలను ఆరు పళ్ల గిత్తలతో పోటీకి దింపరు, దేని విభాగం దానిదే. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్‌లోని పవర్ లెవెల్ అటువంటి విభాగమే. అయితే అది బలాన్ని విడిగా కొలవదు. గురి, దెబ్బ రెండూ కలిపి లెవెల్‌కు రెట్టింపు మించకూడదంటుంది. పదో లెవెల్‌లో వంద టన్నులు లేపే మీ మిత్రుడు దెబ్బకు 12 పెట్టుకుంటే గురికి 8 మాత్రమే మిగులుతుంది. మీరు గురికి 14, బాణానికి 6 పెట్టుకోవచ్చు.

ఇద్దరూ ఒకే విలన్‌ను ఎదుర్కొన్నారనుకోండి. ఇరవై ముఖాల పాచికకు గురి కలిపితే అతన్ని తాకడానికి 20 కావాలి, అతని దృఢత్వం 10. మీ బాణం ఇరవైలో పదిహేనుసార్లు తగులుతుంది, తగిలినప్పుడు సగంసార్లు గాయపరుస్తుంది. మీ మిత్రుడి పిడికిలి ఇరవైలో తొమ్మిదిసార్లే తగులుతుంది, తగిలితే ఐదింట నాలుగుసార్లు గాయపరుస్తుంది. రెండు అవకాశాలనూ గుణించి చూస్తే మీరు గాయపరిచేది 37.5 శాతం, అతను 36 శాతం. అతని దెబ్బ లోతుగా దిగుతుంది, మీది తరచుగా దిగుతుంది. ఆ చిన్న గాయాలన్నీ పేరుకుని విలన్ దృఢత్వాన్ని తగ్గిస్తాయి కాబట్టి, మీ తరవాత అతను కొట్టే దెబ్బకు మీరే దారి వేసినవారవుతారు.

గ్రెగ్ గోర్డెన్ రూపకల్పనలో మేఫెయిర్ సంస్థ 1985లో తెచ్చిన ‘డీసీ హీరోస్’ ఈ సమస్యను మరో వైపు నుంచి పట్టుకుంది. మెట్టుకు రెట్టింపు అన్న పద్ధతిని సూపర్ హీరోల ఆటలో అన్ని కొలతలకూ విస్తరించింది అదే. రెండు పాత్రల మధ్య పది మెట్ల తేడా అంటే వెయ్యి రెట్లకు పైగా తేడా అయినా, కాగితం మీద అది చిన్న అంకెల మధ్య తీసివేతగానే కనిపిస్తుంది. బలం మెట్ల నుంచి బరువు మెట్లు తీసేస్తే ఎంత దూరం విసరగలడో వచ్చేస్తుంది. ఇది నాకు ఎంతో ఇష్టమైన లెక్క. అయితే అన్ని మెట్లూ సమానంగా ఉండాలన్న హద్దు అందులో లేదు కాబట్టి మీ ఫిర్యాదు పూర్తిగా తీరదు.

నియమావళి మార్చే ముందు మీ గేమ్ మాస్టర్‌తో ఒక మాట మాట్లాడండి. ప్రతి సమస్యనూ పిడికిలితోనే తేల్చే సన్నివేశాలు వస్తుంటే ఏ ఆటా మిమ్మల్ని కాపాడలేదు. వేలాడే లారీని ఒకడు పట్టుకుని ఉండగా, తాడు కట్టిన బాణాన్ని డ్రైవరుకు అందేలా వేయవలసిన క్షణం కూడా కథలో ఉండాలి.

ప్రశ్న: నేను కావలి దగ్గర ఒక పల్లెలో ఉపాధ్యాయురాలిని. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో వేసవిలో తెలుగులో ఇటువంటి ఆట ఆడించాలని ఉంది. ప్రత్యేకమైన పాచికలు కొనే స్థోమత లేదు. ఏది ఎంచుకోవాలి?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీరు 2010లో వచ్చిన ‘ఐకాన్స్’ చూడండి. ఇదీ స్టీవ్ కెన్సన్ రాసినదే. మామూలు లూడో పాచికలు రెండు చాలు. ఒక పాచిక నుంచి రెండోది తీసేసి, వచ్చినదాన్ని సామర్థ్యానికి కలపడమే మొత్తం లెక్క. ఇద్దరూ సమానమైతే అందుకునే అవకాశం 36లో 21. సామర్థ్యాలు ఆరు, ఒకటి నుంచి పది దాకా. వాటికి పోరు, నేర్పు, బలం, తెలివి, మెలకువ, మనోబలం అని పేర్లు పెట్టుకోవచ్చు. మామూలు మనిషికి మూడు. శక్తులు కూడా పాచికలు వేసి పట్టికలో చూసుకుంటారు గనుక, ఏం ఎంచుకోవాలో తెలియని పిల్లవాడికి కూడా పావుగంటలో హీరో సిద్ధం. ఎప్పుడైనా ఇరవై ముఖాల పాచిక అవసరమైన ఆట ఆడాలనిపిస్తే, హౌసీ బిళ్ళల్లో 1 నుంచి 20 దాకా ఏరి సంచిలో వేసి, తీసిన బిళ్ళను మళ్లీ సంచిలోనే వేయిస్తే సరిపోతుంది.

దీనికి పాత ఆట నుంచి ఒక నియమం అరువు తెచ్చుకోండి. టీఎస్ఆర్ సంస్థ 1984లో తెచ్చిన ‘మార్వెల్ సూపర్ హీరోస్’లో, జెఫ్ గ్రబ్ రూపకల్పనలో, ‘కర్మ’ అనే పాయింట్లు ఉండేవి. మనుషులను కాపాడితే వస్తాయి, పాచిక తక్కువ పడినప్పుడు కలుపుకోవడానికి ఖర్చవుతాయి. హీరో ఎవరినైనా చంపితే అతని కర్మ మొత్తం ఒక్క దెబ్బకు పోతుంది. మన వాడుకలో కర్మ అంటే తలరాత అన్న అర్థం వచ్చేస్తుంది కాబట్టి పిల్లలకు దాన్ని ‘పుణ్యం’ అని చెప్పండి. కూడబెట్టుకునేది, కరిగిపోయేది అన్న భావం వాళ్లకు ఆ మాటతో వెంటనే అందుతుంది.

మొదటి రోజు విలన్ వద్దు. తుపాను వస్తోంది, తీరంలోని పల్లెను చీకటి పడేలోగా ఖాళీ చేయించాలి అని మొదలుపెట్టండి. తుపానుకు, హీరోలు అందుకోవలసిన ఎనిమిది అంకె ఇవ్వండి. పడవలను ఒడ్డుకు లాగడానికి బలం, ఇల్లు వదలనంటున్న ముసలమ్మను ఒప్పించడానికి మనోబలం, తప్పిపోయిన పిల్లవాడిని వెతకడానికి మెలకువ వాడనివ్వండి. ఎవరి హీరో ఎక్కడికి వెళ్తాడో వాళ్లే మాట్లాడుకుని పంచుకోవడానికి ఐదు నిమిషాలు విడిచిపెట్టి, ఆ తరవాతే పాచికలు చేతికివ్వండి.